పైల్‌ని తట్టి చూస్తే చెప్పేది, చెప్పనిది

కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో తట్టి చూసేవాళ్లు, గుర్తుందా? ఖంగుమంటే మంచిది, లేకపోతే ఎక్కడో పగులు. ఈరోజు ఎపిసోడ్ అదే లాజిక్ మీద. కాకపోతే కుండ బదులు పైల్. అంటే అపార్ట్‌మెంట్ పునాది కింద భూమిలోకి దించే కాంక్రీట్ స్తంభం.

పోసేశాక పైల్ కంటికి కనపడదు. పాత పద్ధతిలో దాని మీద టన్నుల కొద్దీ బరువు పెట్టి, ఎంత దిగుతుందో చూసేవాళ్లు. అన్నిటికీ అలా చేయలేం కదా. 1960, 70 దశకాల్లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఇంజనీర్లు ధ్వని తరంగాలతో సులువైన దారి చూపించారు.

పైల్ తల మీద చిన్న సుత్తితో కొడతారు. తరంగం అడుగుదాకా వెళ్లి తిరిగొస్తుంది. కాంక్రీట్‌లో దాని వేగం సెకనుకు సుమారు 4,000 మీటర్లు. 20 మీటర్ల పైల్ అయితే రానూపోనూ 40 మీటర్లు, అంటే 10 మిల్లీసెకన్లు. ముందే ప్రతిధ్వని వచ్చిందా? మధ్యలో పగులో, సన్నబడటమో ఉండొచ్చు. లేదా పైలే పొట్టిది కావొచ్చు.

పెద్ద పైల్స్‌లో ముందే గొట్టాలు పెట్టి కాంక్రీట్ పోస్తారు. వాటిలో నీళ్లు నింపి, ఒక గొట్టం నుంచి ఇంకోదానికి ధ్వని పంపిస్తారు. ఎక్కడ ఆలస్యమైతే అక్కడ అనుమానం.

ఇప్పుడు హాంకాంగ్‌కి వెళ్దాం. షా టిన్ ప్రాంతంలో ప్రభుత్వ గృహ పథకం కింద ముప్పైకి పైగా అంతస్తుల రెండు టవర్లు లేచాయి. తీరా చూస్తే చాలా పైల్స్ డిజైన్‌లో ఉన్న లోతుకి చేరనేలేదు! రెండు టవర్లనీ కూల్చేయాల్సి వచ్చింది. 2000 జూన్‌లో హౌసింగ్ అథారిటీ చైర్‌పర్సన్ రోసన్నా వాంగ్ రాజీనామా చేశారు. తర్వాత చట్టసభ కమిటీ విచారణలో సైట్ పర్యవేక్షణ ఎంత బలహీనంగా ఉందో బయటపడింది.

అప్పటికి ధ్వని పరీక్షలు వచ్చి దశాబ్దాలైంది. నేను కోడ్ రాసే రోజుల్లో 'టెస్ట్ పాస్' అని గ్రీన్ టిక్ కనిపిస్తే, సీనియర్లు అడిగే మొదటి ప్రశ్న 'ఏది టెస్ట్ చేశావ్?' అని. ఇక్కడా అంతే. గొట్టం ఎంత లోతుకి వెళ్తే అంతవరకే రిపోర్ట్. దాని కింద ఏముందో అది చెప్పదు. బోరు తవ్వినప్పుడే నిజాయితీగా లోతు కొలిచే మనిషి కావాలి.

మన దేశంలో ఈ పరీక్షలకు 2001లో ఐఎస్ 14893 ప్రమాణం వచ్చింది. పైల్స్ మీద కట్టిన ఫ్లాట్ కొంటున్నారా? టైల్స్, లిఫ్ట్ చూడండి, తప్పులేదు. దాంతోపాటు 'ఎన్ని పైల్స్ టెస్ట్ చేశారు, ఎంత లోతుదాకా?' అని కూడా అడగండి.