జీప్రాఫ్ చెప్పింది, నేను విన్నది

2006లో, ఇక్కడ అమెరికాలో ఒక క్లయింటు దగ్గర పని చేస్తున్నప్పుడు, ఒక కుర్రాడి మీద అతను చెయ్యని తప్పు మోపాను. ఊరికే కాదు, కంప్యూటరు ఇచ్చిన కాగితం చేతిలో పట్టుకుని మరీ మోపాను. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేదు. పాపం, అతను కూడా చెప్పలేదు. ఆ కాగితం ఇచ్చిన పనిముట్టు ఎలా పుట్టిందో, ఏం చూడగలదో, ఏం చూడలేదో నాకు ముందే తెలిసుంటే అలా జరిగేది కాదు. ఇవాళ ఆ చరిత్ర చెప్పాలనిపించింది. కంప్యూటర్లతో సంబంధం లేనివాళ్ళు కూడా నిరభ్యంతరంగా చదవచ్చు. మధ్యలో గ్యాసు బండ కూడా వస్తుంది.

ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తోందంటే చాలు, ప్రతి ప్రోగ్రామరుకీ కారణం తెలిసిపోతుంది. చూడకుండానే చెప్పేస్తాడు. ఈ జబ్బు ఇప్పటిది కాదు. స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ కనూత్, ఆయన మిత్రులు కొందరు కలిసి ఫోర్ట్రాన్ ప్రోగ్రాములని పోగేసి పరీక్షించారు. అందుకోసం చెత్తబుట్టల్లో పారేసిన కాగితాలు కూడా వెతికారట! 1971లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తేలిందేమిటంటే, మామూలుగా ఒక ప్రోగ్రాంలో నాలుగు శాతం కూడా లేని కోడు సగానికి పైగా సమయం తినేస్తోంది. ఆ నాలుగు శాతం ఎక్కడుందో రాసినవాడు ఊహించి చెప్పడం కష్టం, కొలిచి చూడాల్సిందే. ఏ వాక్యం ఎన్నిసార్లు నడిచిందో చెప్పే పట్టికని ఆయన ప్రొఫైల్ అన్నారు.

యూనిక్స్‌లోకి 1973 కల్లా ప్రాఫ్ అనే చిన్న పనిముట్టు వచ్చింది. దాని పద్ధతి మా హైస్కూలు హెడ్మాస్టారి పద్ధతే. ఆయన రోజంతా క్లాసులో కూర్చునేవారు కాదు. అప్పుడప్పుడు కిటికీలోంచి తొంగి చూసేవారు. పదిసార్లు చూస్తే ఏడుసార్లు ఒకడే అల్లరి చేస్తూ కనిపిస్తే, అల్లరిలో డెబ్భై శాతం వాడిదే అని లెక్క. ప్రాఫ్ కూడా సెకనుకి కొన్ని పదులసార్లు ప్రాసెసరులోకి తొంగి చూసి, ఆ క్షణాన ఏ ఫంక్షన్ నడుస్తోందో రాసుకుంటుంది. చివర్లో ఏ ఫంక్షన్‌కి ఎంత శాతమో చెప్తుంది.

బాగానే ఉంది కానీ, పెద్ద ప్రోగ్రాముల్లో ఒక చిక్కొచ్చింది. మంచి ప్రోగ్రామరు పనిని చిన్న చిన్న ఫంక్షన్లుగా విడగొడతాడు. వెతికేది ఒకటి, పేర్చేది ఒకటి, జ్ఞాపకం పంచేది ఒకటి. ప్రాఫ్ పట్టికలో సమయమంతా ఈ చిన్నవాటి మధ్య చెల్లాచెదురై కనిపిస్తుంది. "వెతకడానికి ముప్ఫై శాతం" అంటుంది, సరే, ఎవరి కోసం వెతికింది? దానికి జవాబు లేదు.

ఈ చిక్కుని తీర్చింది బర్కిలీలోని సూసన్ గ్రాహం, ఆవిడ విద్యార్థులు పీటర్ కెస్లర్, మార్షల్ కిర్క్ మెక్యూసిక్. 1982లో వాళ్ళు జీప్రాఫ్ గురించి వ్యాసం ప్రచురించారు. అందులో రెండు కొలతలున్నాయి. ఒకటి, పాత తొంగిచూపే. రెండోది, ఏ ఫంక్షన్‌ని ఎవరు ఎన్నిసార్లు పిలిచారన్న లెక్క. కంపైలరు ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక చిన్న తోక తగిలిస్తుంది, అది ఈ పిలుపులని లెక్కపెడుతుంది.

జీప్రాఫ్ ఇచ్చే కాగితంలో రెండు భాగాలు. మొదటిది బల్లపరుపు పట్టిక: ఫంక్షన్ పేరు, శాతం, అది సొంతంగా తిన్న సెకన్లు, ఎన్నిసార్లు పిలిచారు. రెండోది పిలుపుల పటం. ప్రతి ఫంక్షన్‌కీ ఒక గడి, మధ్యలో ఎడమ అంచున అంకె ఉన్న వరుస దానిది. పైనున్నవి దాన్ని పిలిచినవి, కిందున్నవి అది పిలిచినవి. పైనున్న ఒక్కొక్కరి పద్దులో ఎన్ని సెకన్లు పడ్డాయో కూడా ఉంటుంది.

నన్ను ముంచింది ఈ పద్దే. ఎలాగో చెప్తాను.

అమీర్‌పేటలో ఇద్దరు బ్రహ్మచారులు ఒక గదిలో ఉంటున్నారనుకోండి. ఒకడు రోజుకి ఆరుసార్లు టీ పెట్టుకుంటాడు. రెండోవాడు ఆదివారం ఒక్కసారి పొయ్యి వెలిగిస్తాడు, కానీ ముదురు మాంసం గిన్నెలో పెట్టి గంటలకొద్దీ ఉడికిస్తాడు. నెలాఖరుకి బండ అయిపోయింది. ఎవడెన్నిసార్లు పొయ్యి వెలిగించాడో గోడ మీద గీతలున్నాయి, ఎంతసేపు వెలిగించాడో లేదు. గీతల ప్రకారం డబ్బులు పంచితే టీ వాడి పని అయిపోయినట్టే!

జీప్రాఫ్ చేసేది అచ్చంగా ఇదే. మొత్తం గ్యాసు ఎంతో తెలుసు, గీతలు తెలుసు. ప్రతి పిలుపుకీ సగటున ఒకే సమయం పట్టిందని ఊహించి పంచేస్తుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. 1982 నాటి వ్యాసంలోనే ఆ ముగ్గురూ ఈ మాట రాశారు, తర్వాత వచ్చిన గ్నూ జీప్రాఫ్ మాన్యువల్లోనూ ఉంది. చదవనిది నేను.

మా ప్రోగ్రాం రాత్రిపూట బిల్లులు తయారుచేసేది. అది తెల్లారేలోపు పూర్తికావడం మానేసింది. జీప్రాఫ్ నడిపాను. వెతికే ఫంక్షన్ అన్నిటికంటే పైన ఉంది. అంకెలు గుండ్రంగా చెప్తాను: మొత్తం 100 సెకన్లు, 1,000 పిలుపులు. అందులో 990 ఆ కుర్రాడు రాసిన భాగం నుంచి, 10 మాత్రమే వేరే పాత భాగం నుంచి. పద్దు చూస్తే అతని పేరున 99 సెకన్లు, పాత భాగం పేరున 1. ఇంకేం కావాలి? మీటింగులో కాగితం బల్ల మీద పెట్టాను. అతను తల దించుకుని, రెండు రాత్రులు కూర్చుని తన కోడు తిరగరాశాడు. ప్రోగ్రాం రవ్వంత కూడా వేగం పుంజుకోలేదు. మరో వారానికి అతన్ని ప్రాజెక్టు నుంచి మార్చేశారు.

అప్పుడు అనుమానం వచ్చి, ప్రోగ్రాం నడుస్తుండగా డీబగ్గరుతో మధ్యమధ్యలో ఆపి, ఎవరు ఎవర్ని పిలిచి అక్కడికొచ్చారో మొత్తం వరస చూశాను. పదిసార్లు ఆపితే తొమ్మిదిసార్లు ఆ పాత భాగమే. ఆ 10 పిలుపులూ చాంతాడంత జాబితాలో వెతుకుతున్నాయి. కుర్రాడి 990 పిలుపులూ నాలుగైదు వస్తువుల జాబితాలో. ఇంతకీ ఆ పాత భాగం రాసింది ఎవరో చెప్పలేదు కదూ? నేనే.

నేను చేత్తో పదిసార్లు చేసినదాన్నే తర్వాతి పనిముట్లు సెకనుకి వందలసార్లు చేస్తున్నాయి. 2009లో లినక్స్‌లోకి పెర్ఫ్ వచ్చింది, అది అడిగితే పిలుపుల వరసంతా రాసుకుంటుంది. 2011లో బ్రెండన్ గ్రెగ్ ఒక మైఎస్‌క్యూఎల్ సమస్య చూస్తూ, ఆ వరసల గుట్టని ఒకే బొమ్మగా గీశారు. అదే ఫ్లేమ్ గ్రాఫ్. అందులోనూ తప్పు చదివేవాళ్ళున్నారు. వెడల్పు అంటే ఎన్నిసార్లు కనిపించిందో అంత. ఎత్తు అంటే పిలుపుల లోతు. ఎడమ నుంచి కుడికి కాలం నడవదు, పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి, అంతే. మామూలు బొమ్మలో ఎరుపు ఎక్కువుంటే ప్రమాదమనీ కాదు. ఫ్రేమ్ పాయింటర్లు తీసేసి కంపైల్ చేస్తే వరసలు మధ్యలో తెగిపోవచ్చు కూడా. అందుకే 2023లో ఫెడోరా 38, 2024లో ఉబుంటు 24.04 తమ ప్యాకేజీల్లో వాటిని తిరిగి ఉంచడం మొదలెట్టాయి.

ఇంకో రెండు మాటలు. జీప్రాఫ్ లినక్స్‌లో సెకనుకి వందసార్లు తొంగి చూస్తుంది కాబట్టి, 0.02 సెకన్లు అంటే రెండుసార్లు కనబడిందని మాత్రమే అర్థం. దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి. అలాగే డేటాబేసు కోసమో డిస్కు కోసమో ఎదురుచూస్తూ కూర్చున్న కాలం ఈ పట్టికలో రానే రాదు. ప్రోగ్రాం గంట నడిచి పట్టికలో రెండు నిమిషాలే కనిపిస్తే, మిగతా యాభై ఎనిమిదీ ఎక్కడ పోయాయో ముందు అడగండి.

మేనేజరుకి నిజం రాసి పంపాను. "ధన్యవాదాలు" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. కుర్రాడికి ఫోను చేసి, గ్యాసు బండ కథతో సహా అంతా చెప్పి, క్షమించమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పర్లేదన్నా," అన్నాడు చివరికి. "ఆ కాగితం చూశాక నాక్కూడా తప్పు నాదే అనిపించింది."