పలకరింపు లేని రోజుల్లో ఒక తెల్లటి ఈక

బొంబాయి అంధేరీలో మోహన్ స్టూడియో. 'మొఘల్-ఎ-ఆజమ్' కోసం దర్శకుడు కె. ఆసిఫ్ వేయించిన సెట్లు అక్కడ ఏళ్ల తరబడి నిలిచి ఉన్నాయి. ఇవాళ తీయాల్సింది రాత్రివేళ తోటలో సలీమ్, అనార్కలి కలుసుకునే ఘట్టం. సినిమా మొత్తంలో ఇంత సున్నితమైన సన్నివేశం మరొకటి లేదు. దీపాలు సర్దారు. ఆర్.డి. మాథుర్ కెమెరా సిద్ధం చేసుకున్నారు. దిలీప్ కుమార్ వచ్చాడు, మధుబాల వచ్చింది. ఇద్దరూ ఎడమొహం పెడమొహం. నమస్కారం లేదు, సలాం లేదు. దర్శకుడు చెప్పింది విని ఎవరి చోటికి వాళ్లు వెళ్లారు.

ఒకప్పుడు వాళ్లు ఇలా లేరు. 1951లో 'తరానా'లో మొదటిసారి జంటగా నటించారు. తర్వాత 'సంగ్‌దిల్', 'అమర్'. ఈ మధ్యలోనే మనసులు కలిశాయి, పెళ్లి మాట కూడా నడిచింది. మధుబాల తండ్రి అతావుల్లా ఖాన్ ఈ పెళ్లికి అడ్డుపడ్డాడని లోకం అంటుంది. ఆయన ఆ పెళ్లిని ఒక వ్యాపార ఒప్పందంలా చూశాడని, అది తనకు నచ్చలేదని దిలీప్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఏది నిజమైనా ఒక్కటి మరవకూడదు. తొమ్మిదేళ్ల వయసులో బేబీ ముంతాజ్‌గా కెమెరా ముందుకొచ్చిన ఆ పిల్ల సంపాదన మీదే అంత పెద్ద కుటుంబమూ బతికింది. ఇటు తండ్రి, అటు ప్రేమించినవాడు. ఇద్దరిలో ఎవరినీ వదులుకునే ధైర్యం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

'నయా దౌర్' సినిమా దగ్గర ఆ బంధం తెగిపోయింది. బి.ఆర్. చోప్రా భోపాల్ వైపు అవుట్‌డోర్ షూటింగ్ పెట్టుకుంటే కూతుర్ని పంపనన్నాడు తండ్రి. ఆమె స్థానంలోకి వైజయంతిమాల వచ్చింది, వ్యవహారం కోర్టుకెక్కింది. దిలీప్ చోప్రా పక్షాన సాక్ష్యం చెప్పాడు. అదే బోనులో నిలబడి తాను మధుబాలను ప్రేమిస్తున్నానని కూడా అందరూ వినేలా ఒప్పుకున్నాడు. ప్రేమించానన్న మాటా, ఆమెకు వ్యతిరేకంగా పోయే మాటా ఒకే నోటి నుంచి, ఒకే చోట వచ్చాయి. ఆ తర్వాత ఆమె ఏ ముఖంతో అతనితో మాట్లాడుతుంది?

సెట్‌కే వద్దాం. తెర మీద దూరంగా తాన్‌సేన్ పాడుతుంటాడు. ఆ గొంతు బడే గులాం అలీ ఖాన్‌ది. పేరున్న గాయకులకు కూడా పాటకు వెయ్యి రూపాయలు దక్కని రోజుల్లో ఆసిఫ్‌ను వదిలించుకోవడానికేమో అన్నట్టు ఆయన 25,000 అడిగితే, ఆసిఫ్ సరేనన్నాడని ప్రసిద్ధి. ఆ సోహిణీ రాగం నడుస్తుండగా అనార్కలి తల వెనక్కి వాల్చి ఉంటుంది. సలీమ్ చేతిలో ఒక తెల్లటి ఈక. నుదుటి మీదుగా, చెంప మీదుగా, పెదవుల దాకా మెల్లగా దాన్ని జారుస్తాడు. కౌగిలి ఎక్కడా బిగియదు. ముఖాలు దగ్గరవుతుండగా ఈకే అడ్డొచ్చి మిగతాది మనకు కనపడనివ్వదు.

కౌగిలించుకోవడం నటుడికి తేలికే. చేతులు చుట్టి, ముఖం అవతలికి తిప్పుకుంటే సరిపోతుంది. లోపల ఏమున్నా కెమెరాకు వీపు మాత్రమే కనిపిస్తుంది. దగ్గరికొచ్చి ఆగిపోవడం మాత్రం కష్టం. దాక్కోవడానికి భుజం ఉండదు. మధుబాల కనురెప్పలు బరువుగా వాలడం, మళ్లీ తెరుచుకోవడం, ఊపిరి ఒక్క క్షణం నిలవడం, అన్నీ నిలువెత్తు తెర మీద బయటపడిపోతాయి. ఆసిఫ్‌కి ఇది తెలుసు. అందుకే ఆమెకు అక్కడ చాటు ఇవ్వలేదు.

అదే సినిమాలో సలీమ్ అనార్కలిని చెంపదెబ్బ కొట్టే ఘట్టం ఉంది. ఆ దెబ్బ నిజంగానే గట్టిగా తగిలిందని, సెట్టంతా బిగుసుకుపోయిందని, ఆసిఫ్ ఆమెను పక్కకు తీసుకెళ్లి అతనికి నీ మీద ప్రేమ ఇంకా ఉందనడానికి ఇదే రుజువని ఓదార్చాడని నటుడు అజిత్ చెప్పినట్టుగా ప్రచారంలో ఉంది. ఈ ఓదార్పు నాకు మింగుడుపడదు. దెబ్బలో కనిపించేది కోపం, దాన్ని ప్రేమ పద్దులో రాయకూడదు. ఈక పట్టుకున్న చేతి నిదానంలో ఉన్నది వేరు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మధుబాల గుండెలో రంధ్రం ఉంది. 1954లో 'బహుత్ దిన్ హుయే' కోసం మద్రాసు వచ్చినప్పుడు నెత్తురు కక్కుకుంది. అయినా చెరసాల దృశ్యాల్లో నిజమైన ఇనుప గొలుసులు మోసింది.

అనార్కలి కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1955లోనే అక్కినేని, అంజలీదేవి జంటను వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో చూసి కన్నీళ్లు పెట్టుకున్నాం. ఆ కథ చివర ఏముందో తెలిసే 1960లో మనవాళ్లు 'మొఘల్-ఎ-ఆజమ్'కు వెళ్లారు. ఆసిఫ్ కథలో సలీమ్ ప్రాణం కోసం అనార్కలి తనను తాను అప్పగించుకుంటుంది, ఒక్క రాత్రి అతని రాణిగా ఉండనివ్వమని పాదుషాను కోరుతుంది. తెల్లారితే తనకు సమాధి. సలీమ్‌కు ఏమీ తెలియదు. మత్తుమందు కలిపిన పువ్వుతో అతన్ని స్పృహ తప్పించాల్సింది ఆమే. అతనికి అది తొలిరాత్రి, ఆమెకు కడపటి రాత్రి. ఈ తేడా అంతా మధుబాల చూపుల్లోనే నడుస్తుంది.

సినిమా 1960 ఆగస్టు 5న మరాఠా మందిర్‌లో విడుదలైంది. ఆ ఏడే ఆమె కిశోర్ కుమార్‌ను పెళ్లాడింది. 1966లో దిలీప్ సైరా బానును చేసుకున్నాడు.

2014లో వచ్చిన ఆత్మకథలో దిలీప్ ఈక సన్నివేశం గురించి రాశాడు. పలకరింపులు కూడా ఆగిపోయిన రోజుల్లో తీసిందని, వృత్తికి కట్టుబడిన ఇద్దరు నటుల నైపుణ్యంగా దాన్ని గుర్తుంచుకోవాలని ఆయన కోరిక. అంత గొప్ప నటుడి మాటను కాదనడానికి నాకు అర్హత లేదు. వృత్తిధర్మం వాళ్లను సెట్‌కు రప్పించింది, దర్శకుడు గీసిన గీత మీద నిలబెట్టింది. అంతవరకు ఒప్పుకుంటాను. అయితే అది దిలీప్ వైపు మాట. చెప్పుకోవడానికి ఆయనకు కోర్టు బోను దొరికింది, తొంభై దాటాక పుస్తకమూ దొరికింది. మధుబాల 1969 ఫిబ్రవరి 23న, 36 ఏళ్లకే వెళ్లిపోయింది. ఆత్మకథ రాయలేదు. ఆమె తరఫు వాంగ్మూలం కావాలంటే ఆ క్లోజప్పులే చూడాలి, వాటిలో నాకు కనిపిస్తున్నది నటన ఒక్కటే కాదు.