ఒక్కటే ఉంచుకోమంటే...

నగలపెట్టె ముందు కూర్చోబెట్టి, "ఇందులో ఒక్కటే నీది, మిగతావన్నీ ఇచ్చెయ్యి" అన్నారనుకోండి. మనలో చాలామందిమి బరువైన హారం జోలికి పోం. అమ్మ చేతి గాజో, అమ్మమ్మ ముక్కుపుడకో తీసి గుప్పిట్లో పెట్టుకుంటాం. కెమేరాల విషయానికి వచ్చేసరికి మాత్రం అందరూ ఖరీదు చూస్తారేమిటో!

సెల్‌ఫోనులో రోజుకి వంద ఫొటోలు తీసి విసుగెత్తిన పిల్లలు ఈమధ్య మళ్లీ ఫిల్ము కెమేరాల వెంటపడుతున్నారు. నలుగురు చేరితే ఒకటే వాదన: జీవితాంతం ఒక్క కెమేరాయే ఉంచుకోవాల్సి వస్తే ఏది ఉంచుకోవాలి? జర్మనీ అద్దం గొప్పదా, జపాను అద్దం గొప్పదా? మా బోగోలులో కూర్చుని ఈ గొడవంతా వింటుంటే నాకింకో సంగతి తోస్తుంది. ఏ కెమేరా ఎప్పుడు ఎవరి చేతికొచ్చింది, దానిముందు ఎవరు నిలబడగలిగారు అని చూసుకుంటూ వస్తే, జవాబు దానంతటదే దొరుకుతుంది.

ముందు మన హైదరాబాదునుంచే మొదలుపెడదాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ పేరు మీరు వినే ఉంటారు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదువుకుని, ఇందోరులో ఉద్యోగం చేస్తూ ఈ విద్య పట్టుకున్నాడు. ఆ రోజుల్లో కెమేరా అంటే ఓ చెక్కపెట్టె, దానికింద మూడు కాళ్లు, పైన నల్లగుడ్డ, పక్కన గాజుపలకల మోత. నవాబులకీ దొరలకీ ఎన్ని ఫొటోలు తీసినా, ఆ ఇళ్లలోని ఘోషా స్త్రీలు మాత్రం పరాయి మగవాడి ముందుకు వచ్చేవాళ్లు కాదు. అందుకని 1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్లకోసమే ఒక జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల కెమేరా వెనక నిలబడింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని.

అంటే, కెమేరా కదల్లేదు. ఆడవాళ్లే దాని దగ్గరికి రావలసి వచ్చింది. అయినా ఒక ఆడమనిషి ఎదురుగా ఉందన్న ధైర్యంతో ఆ బేగములు ముసుగు తీసి నిటారుగా చూశారు. చాలా గొప్ప కెమేరాయే. కానీ ఉంచుకోమంటే నేను ఉంచుకోను. దాన్ని మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. గాజుపలక జారితే అంతా పాయె!

అంతకుముందే ఇంకొకావిడ ఉంది. ఇంటిపేరులోనే కెమేరా ఉన్నట్టు వినిపించే జూలియా మార్గరెట్ కామెరాన్. 1815లో కలకత్తాలో పుట్టింది. నలభై ఎనిమిదో ఏట, 1863 చివర్లో, కూతురూ అల్లుడూ ఓ కెమేరా బహుమతిగా ఇచ్చారు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక అమ్మకి తోచుబాటు కాదేమోనని ఇచ్చినట్టుంది! ఆవిడ ఏకంగా పెరట్లో కోళ్లగూడునే స్టూడియోగా మార్చేసి, వేళ్లన్నీ మందులతో నల్లబరుచుకుని, ఆ కాలపు మహామహుల ముఖాలన్నీ పట్టుకుంది. నలభైలు దాటినవాళ్లం ఈ కథ అప్పుడప్పుడూ గుర్తు చేసుకోవాలి.

ఈ గాజుపలకల బెడద వదిలించింది అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్. 1888లో వచ్చిన కొడాక్ కెమేరాలో చుట్టచుట్టిన ఫిల్ముతో వంద ఫొటోలు పట్టేవి. అవి అయిపోయాక కెమేరాని అలాగే కంపెనీకి పంపిస్తే ఫొటోలు కడిగి, కొత్త ఫిల్ము వేసి తిప్పి పంపేవాళ్లు. 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ అనే డబ్బా కెమేరా వచ్చింది. మరుసటి ఏడు, 1901లో, రెండో నంబరు బ్రౌనీకోసం చేసిన ఫిల్ముకే 120 అని పేరు. ఈ అంకె కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పనుంది.

ఇక మన దేశంలో పత్రికలకి ఫొటోలు తీసిన తొలి మహిళ హొమాయ్ వ్యారావాలా. 1913లో నవ్‌సారీలో పుట్టిన పార్శీ ఆడపడుచు. మొదట్లో ఆవిడ తీసిన ఫొటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యేవి. 1942లో ఢిల్లీ చేరాక స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్నీ, గాంధీగారి అంత్యయాత్రనీ, నెహ్రూగారి చిరునవ్వునీ పట్టింది ఆవిడే. మగవాళ్ల గుంపుల మధ్య చీర చెరగు దోపుకుని తిరిగేది. ఆవిడ మారుపేరు 'డాల్డా 13'. వంటింటి డాల్డాకీ దీనికీ చుట్టరికం లేదు లెండి. ఆవిడ మొదటి కారు నంబరు డి.ఎల్.డి. 13 కావడంతో వచ్చింది.

ఆవిడ వాడినవాటిలో ఒకటి రోలీఫ్లెక్స్. 1929లో జర్మనీలో పుట్టిన రెండు కళ్ల కెమేరా. దాన్ని కంటికి ఆనించుకోనక్కర్లేదు. నడుము దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న అద్దంలో చూసుకోవాలి. ఎదుటివాళ్లకి మన ముఖం కనబడుతూనే ఉంటుంది, తుపాకీ గురిపెట్టినట్టుండదు. నిజం చెప్పొద్దూ, నా మనసు చాలాసేపు దీనిదగ్గరే ఆగిపోయింది. పనితనం ఒక్కటే చూస్తే ఇదే ఉంచుకోవాలి. కానీ దానిలోపలి చిన్నచిన్న చక్రాలు మొరాయిస్తే బాగుచేసేవాళ్లని వెతుక్కుంటూ ఏ మద్రాసో పోవాలి. పైగా మనలాంటి ఇళ్లలోకి అది ఎప్పుడు వచ్చింది గనక?

మన ఇళ్లలోకి వచ్చింది బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. 1960, 70 దశకాల్లో దాన్ని చూడని మధ్యతరగతి కుటుంబం అరుదు. ఎండకి ఒక గుర్తు, మబ్బుకి ఒక గుర్తు. ఇంక సవరించుకోడానికి పెద్దగా ఏమీ లేదు. బ్యాటరీ అక్కర్లేదు. రీలుకి పన్నెండు ఫొటోలు. వాడే ఫిల్ము ఆ 1901 నాటి 120 నంబరుదే.

మా అత్తగారు పెళ్లయి వచ్చేనాటికి బోగోలులో ఫొటో అంటే పెళ్లికో, సీమంతానికో తీయించుకునేది. పక్కనే బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల షెడ్డు. బొగ్గుపొగకి ఆరేసిన చీరలు మాసిపోతాయని ఆవిడ ఇప్పటికీ చెబుతుంటారు. మా ఇంట్లో గోడమీద ఒక స్టూడియో ఫొటో ఉండేదట. తాతగారు కుర్చీలో, జేజమ్మ పక్కన కొయ్యలా నిలబడి. దాని వెనక రాసింది తాతగారి పేరు, 'భార్యతో' అని. అంతే.

తర్వాత ఇంట్లోకి క్లిక్ త్రీ వచ్చింది. మామగారు ఆఫీసుకెళ్లాక ఓ మధ్యాహ్నం అత్తగారు దాన్ని తీసుకుని పెరట్లోకి వెళ్లారట. జేజమ్మ వడ్లు చెరుగుతోంది. "ఏందే ఆ పెట్టె? నా ఆయుస్సు తినేదానికా?" అని నవ్విందట. ఆ నవ్వునే అత్తగారు నొక్కేశారు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని నమ్మే మనిషి, కోడలి చేతిలో ఉందికదా అని కెమేరాకేసి నవ్వింది. హైదరాబాదు జనానాలో జరిగిందీ ఇదే కదూ!

1989 నవంబరు 9న కావలి దగ్గర తీరం దాటిన తుపాను సంగతి ఈ ప్రాంతంవాళ్లెవరూ మరిచిపోరు. థాయిలాండు సముద్రంలో పుట్టి, ఇంతదూరం వచ్చి మా మీద పడింది. ఇంటి పైకప్పు లేచిపోయింది. గోడమీది స్టూడియో ఫొటో గాజుకి అతుక్కుపోయి, తీయబోతే ముఖాలు ఊడొచ్చాయి. ఆల్బం ముద్దయింది. కానీ నెగటివులని అత్తగారు చుట్టచుట్టి హార్లిక్స్ సీసాలో పెట్టి బిగించి మూతపెట్టారు. సీసాలోకి చుక్క నీరు పోలేదు. మళ్లీ ఫొటో వేయించారు. కదులుతున్న చేట మసగ్గా, నవ్వు స్పష్టంగా. ఈ వంశంలో జేజమ్మ ఆనవాలు ఇప్పుడు అదొక్కటే.

అందుకని, నేను ఉంచుకునేది క్లిక్ త్రీ. దాని లోపాలు నాకు తెలుసు. సాయంత్రమైతే పనికిరాదు, పరిగెత్తే పిల్లల్ని పట్టదు, ఫొటో అంచులు అలుక్కుపోతాయి. కానీ ఎవరినీ అడక్కుండా, ఎవరూ నేర్పకుండా ఒక కోడలు తన అత్తని చూడగలిగింది దానితోనే.

ఫిల్ము దొరుకుతుందా అంటారేమో. ఊటీలో 'ఇందు' పేరుతో ఫిల్ములు చేసిన ప్రభుత్వ కర్మాగారం మూతపడింది. 2012 జనవరి 15న హొమాయ్ వ్యారావాలా బరోడాలో కన్నుమూస్తే, నాలుగు రోజులకి, 19న, కొడాక్ కంపెనీ దివాలా అర్జీ పెట్టుకుంది. ఫిల్ము కథ అంతటితో సరి అనుకున్నారందరూ. కానీ కొడాక్ మరుసటి ఏడు తేరుకుంది. 120 ఫిల్ము ఇప్పటికీ తయారవుతోంది. ఖరీదు ఎక్కువే, నిజమే. అందుకే రీలుకి పన్నెండే కదా అని చూసి చూసి నొక్కుతాం.

మీ అటకమీద కూడా ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. పాతసామాన్లవాడికి వేసేముందు దాని వెనకవైపు చిన్న ఎర్ర అద్దం ఉంటుంది, అందులోకి ఓసారి చూడండి. అక్కడ అంకె ఏదైనా కనిపిస్తే మూత మాత్రం తియ్యకండి. లోపల రీలు ఇంకా ఉందన్నమాట. తిన్నగా ఫిల్ములు కడిగేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. అందులో ఎవరున్నారో!