వారధి కట్టినవారికి సుంకం ఎవరిస్తారు?

మాదాపూరులో సైబర్ టవర్స్ దాపున తేనీటి బండి వద్ద ఫోనుతో పది రూపాయలు చెల్లిస్తే, ఆ పదీ బండి యజమానికే చేరుతాయి. నడుమ రెండు బ్యాంకులు, ఒక యాప్, ఒక స్విచ్ శ్రమించినా ఆయన నుండి పైసా మినహాయించుకోరు. మరి వీరి కూలి ఎక్కడిది? ఈ ప్రశ్న హైదరాబాదుకు కొత్తది కాదు.

సైబర్ టవర్స్ 1998లో వెలిసింది. అంతకు రెండేళ్ల ముందే, 1996లో, రిజర్వు బ్యాంకు మాసాబ్ ట్యాంకు ప్రాంతంలో ఐ.డి.ఆర్.బి.టి.ని స్థాపించింది. 2004 ఆగస్టు 27న ఆ సంస్థ మూడు బ్యాంకుల ఏటీఎంలను కలుపుతూ నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించింది. ఒక బ్యాంకు కార్డును మరో బ్యాంకు యంత్రంలో వాడితే రెండు సుంకాలుండేవి: యంత్రం గల బ్యాంకుకు ఒకటి, నడుమనున్న స్విచ్‌కు మరొకటి. 2007 డిసెంబరు 3 నుండి స్విచ్ తన సుంకాన్ని వదులుకుంది. 2009 ఏప్రిల్ 1 నుండి ఖాతాదారుకూ ఉచితమైంది. కాని యంత్రం గల బ్యాంకుకు ఇవ్వవలసినది మిగిలే ఉంది. అందుకే ఆ అక్టోబరులోనే ఉచితానికి నెలకు అయిదు సార్లన్న హద్దు వచ్చింది. 2014 నవంబరులో హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో అది మూడుకు దిగింది. 2009 డిసెంబరు 14న స్విచ్ ఎన్.పి.సి.ఐ. చేతికి వెళ్లింది.

ఇక మూడు పద్ధతులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏటీఎంది స్థిరసుంకం. 2025 మే నుండి ఒక్కో నగదు ఉపసంహరణకు 19 రూపాయలు. అయిదు వందలు తీస్తే అది 3.8 శాతం, పదివేలు తీస్తే 0.19 శాతం. కార్డుది శాతం లెక్క. 2018లో చిన్న వర్తకుడి వద్ద డెబిట్ కార్డుపై గరిష్ఠంగా 0.40 శాతం, అంటే పది రూపాయల తేనీటిపై నాలుగు పైసలు. యూపీఐది శూన్యం. 2020 జనవరి 1 నుండి వర్తకుడిపై రుసుమును ప్రభుత్వమే తొలగించింది. బదులుగా 2024-25లో చిన్న వర్తకుల వద్ద రెండు వేల లోపు చెల్లింపులపై 0.15 శాతం ప్రోత్సాహకం ప్రకటించింది. మన తేనీటిపై అది ఒకటిన్నర పైసా. దానినే బ్యాంకులూ యాప్‌లూ పంచుకోవాలి.

అందుచేత లాభం వారధి మీద కాక ఒడ్డున వెతుక్కోవలసి వచ్చింది. యాప్‌లు అప్పులూ బీమా అమ్ముతున్నాయి. హైదరాబాదుకే చెందిన జాగిల్ చిల్లర వర్తకుడి జోలికి పోక, కంపెనీల నుండి సాఫ్ట్‌వేర్ చందా, కార్డుల వాడకంపై బ్యాంకుల నుండి వాటా తీసుకునే దారి పట్టింది. 2023 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్టుకూ ఎక్కింది.

సుంకం మాయం కాదు, చోటు మారుతుంది. ఏటీఎం చరిత్ర చెప్పేది ఇదే. ఖజానా చేయి వెనక్కి తీసుకున్న నాడు ఆ ఒకటిన్నర పైసా ఎవరి గల్లాపెట్టెలో నుండి రావాలి? ఆ నిర్ణయం జరిగే చోట తేనీటి బండి యజమానికి కూడా ఒక కుర్చీ ఉండాలి.