మోటారుబండి దాహము

మోటారుబండిని క్రొత్తగా కొన్న గృహస్థునకు ఇంజను కాగిపోవుట ఆకస్మికమైన విపత్తుగా తోచును. నిజమునకు ఇది ఆ బండితోపాటు పుట్టిన చిక్కు. పెట్రోలు మండగా పుట్టు వేడిమిలో బండిని నడపునది కొంత భాగము మాత్రమే. తక్కినదానిలో కొంత పొగగొట్టము గుండ వెలికి పోవును. కొంత ఇంజను గోడలలోనికి ప్రాకును. దీనిని ఎప్పటికప్పుడు తొలగింపనిచో చమురు పలుచనగును, లోహము వ్యాకోచించును, తుదకు పిస్టను సిలిండరులో బిగిసి నిలిచిపోవును.

1886లో కార్ల్ బెంజ్ జర్మనీలో పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో నీరు మరగి ఆవిరియై పోవుటచేతనే ఇంజను చల్లబడెడిది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇరువురు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము చేసెను. త్రోవ పొడవునను ఆమె నీరు వెదకి పోయవలసి వచ్చెను. పొయ్యిమీది ఎసరు ఇగిరినచో కుండ మాడునని ఎరిగిన ఇల్లాలికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు గదా!

నీటిని ఆవిరిగా పోనీయక, చల్లార్చి మరల వాడుకొను ఉపాయమును ఎందరో వెదకిరి. అందు గొప్ప ముందడుగు విల్హెల్మ్ మేబాఖ్ రూపొందించిన తేనెపట్టు రేడియేటరు. 1901 నాటి మెర్సిడెస్ బండికి అమర్చిన ఈ రేడియేటరులో ఎనిమిది వేలకు పైగా సన్నని చదరపు గొట్టములు ఉండెను. గొట్టముల గుండ గాలియు, వాని చుట్టును నీరును ప్రవహించెడివి. వెనుకనుండి పంకా గాలిని లాగుటచే నెమ్మదిగా పోవునప్పుడును నీరు చల్లారెడిది.

1908లో వెలువడిన ఫోర్డు టి-మోడలు బండ్లలో తొలి కొన్నింటికి నీటిపంపు ఉండెను. పిమ్మట దానిని తొలగించి, వేడినీరు పైకి లేచును, చల్లనినీరు క్రిందికి దిగునను ప్రకృతిధర్మముమీదనే ఆధారపడిరి. అయితే నీటిమట్టము పై గొట్టమునకు దిగువకు జారినంతనే ఆ ప్రవాహము ఆగిపోయెడిది. క్రమముగ పంపు మరల వచ్చెను. వేడినిబట్టి నీటిదారిని తెరచు థెర్మోస్టాటు వచ్చెను. ప్రెషరు కుక్కరువలె నీటిని ఒత్తిడిలో నుంచి మరుగుడును ఆలస్యపరచు మూతయు వచ్చెను.

ఈ చరిత్రయే పరీక్షకు క్రమమును నేర్పుచున్నది. మొదట బెర్తా బెంజ్ చేసినట్లు నీటిని చూడవలయును. రద్దీ వీథులలో కాగి, బయలుదారిని వేగముగ పోవునపుడు చల్లబడినచో పంకాను అనుమానింపుడు. ఎత్తు ఎక్కునపుడో, వేగముగ పోవునపుడో కాగినచో రేడియేటరు పూడిక, పంపు, దానిని త్రిప్పు బెల్టు పరీక్షింపదగినవి. పై గొట్టము కాలుచుండ క్రింది గొట్టము చల్లగా నున్నచో నీరు తిరుగుట లేదన్నమాట. థెర్మోస్టాటు మూసికొని యుండవచ్చును. బయటికి కారకయే నీరు తరుగుచు, పొగ తెల్లబడుచు, చమురు పాలవలె మారుచున్నచో సిలిండరు తలక్రింది గాస్కెట్టు చెడినదని శంకించి, బండిని నడపక పనివానికి చూపవలయును.

బెర్తా బెంజ్ నాడు నీరు తరుగుట కంటికే కన్పడెడిది. నేడు నీరు మూతల మాటున దాగినది. మనము ముల్లును నమ్ముచున్నాము. నీరు పూర్తిగ పోయినపుడు వేడిని కొలచు సాధనము వట్టిగాలిలో మిగిలి, ముల్లు తక్కువ వేడిని చూపుటయు కలదు. కావున ముల్లు పడిపోయినదని సంతసింపక, మాడు వాసనకును, ఇంజను శబ్దమునకును చెవి యొగ్గుడు.

కాగిన బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపుడు. రేడియేటరు మూతను వెంటనే విప్పకుడు. ఒత్తిడిలోనున్న నీరు నూరు డిగ్రీలను మించి కాగియుండును. మూత తీసినంతనే భగ్గున పొంగి ముఖమును, చేతులను కాల్చును. పూర్తిగ చల్లారినపిదప మూత తెరచి, చన్నీటిని కొద్దికొద్దిగ పోయుడు. అరగంట, గంట జాగైనను సరే; ఆ ఓర్పు ఇంజనును కాపాడును, బండిలోని వారినిగూడ కాపాడును.