గోల్ఫ్ కార్ట్ ఢీకొంటే పరిహారం ఎవరివ్వాలి?

భిలాయి స్మృతి నగర్ వంటి కాలనీలో గోల్ఫ్ కార్ట్ ఢీకొని ఎవరైనా గాయపడితే, ముందు తేలాల్సింది అది చట్టం దృష్టిలో ‘మోటారు వాహనం’ అవునా, కాదా అన్నదే. ఫ్యాక్టరీలో లేదా ప్రహరీ లోపల మాత్రమే నడిచేలా తయారైన ప్రత్యేక వాహనాలను 1988 నాటి మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 2(28) మినహాయించింది. బ్యాటరీ బండి అయినంత మాత్రాన మినహాయింపు రాదు.

మోటారు వాహనమైతే కేసు మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. సెక్షన్ 164 కింద ఎవరి తప్పో నిరూపించకుండానే మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు కోరవచ్చు. బీమా లేకుంటే ఆ భారం యజమానిదే. అంతకు మించి కావాలంటే సెక్షన్ 166 కింద డ్రైవర్ నిర్లక్ష్యాన్ని నిరూపించాలి. దరఖాస్తుకు చట్టం ఇచ్చిన గడువు ఆరు నెలలు. బాధితుడు తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు.

మినహాయింపు వర్తిస్తే సివిల్ కోర్టులో నష్టపరిహార దావాయే దారి. విధుల్లో గాయపడిన కార్మికుడికి 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కింద పరిహారం లేదా ఈఎస్ఐ రక్షణ ఉంటుంది.