శివారు పొలానికి నీళ్ళు వచ్చాయా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు పనిచేసే చోట మీకూ, అన్నిటికంటే పైనున్న మనిషికీ మధ్య ఎంతమంది ఉన్నారు? సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండగా ఓ రాత్రి షిఫ్టులో నిద్ర రాకుండా ఉండటానికి నేను ఈ లెక్క వేశా. ఏడుగురు తేలారు. వాళ్ళలో ఇద్దరి మొహం కూడా నేను చూడలేదు.

అప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. నేను పెరిగింది గుడివాడలో. అమ్మమ్మ వాళ్ళది దివిసీమ, నాగాయలంక వైపు. చిన్నప్పుడు ఒక ఆగస్టులో బస్సులో వెళ్తుంటే దారి పొడవునా నాట్లు పడిన పచ్చటి పొలాలు. తీరా ఊళ్ళో దిగితే తాతయ్య పొలం నెర్రెలిచ్చి ఉంది. "మనం ఇంకా ఊడ్చలేదేంటి తాతయ్యా?" అని అడిగా. "మనది శివారు రా నాన్నా. పైవాళ్ళ పొలాలు తడిశాక మన వంతు" అన్నారు.

నా వరకు హైరార్కీ గురించి మొదటి పాఠం అదే. తర్వాత బీటెక్‌లో 'ట్రీ డేటా స్ట్రక్చర్' చెప్పినప్పుడు క్లాసులో నాకు కనిపించింది కంప్యూటర్ కాదు, కాలువ.

సరే, ఆ కాలువ కథ చూద్దాం. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఘోరమైన కరువు ఊడ్చేసింది. పక్కనే కృష్ణ పారుతున్నా పొలాలకి నీళ్ళు లేవు. ఆ తర్వాత 20 ఏళ్ళకి, 1852లో, బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలైంది. వెనక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. 1855కి పూర్తయింది. దాదాపు వందేళ్ళు పనిచేసి 1952లో గండి పడింది. దాని బదులు కట్టిందే 1957 నాటి ప్రకాశం బ్యారేజీ. ఇప్పుడు దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది.

ఒక నది నీళ్ళు అన్ని లక్షల ఎకరాలకి ఎలా వెళ్తాయి? అంచెలంచెలుగా. ముందు ప్రధాన కాలువలు. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ, దివిసీమ వైపు వెళ్ళే కేఈబీ కాలువ, ఇలా. వాటి నుంచి బ్రాంచి కాలువలు, వాటి నుంచి చిన్న ఛానళ్ళు, అక్కడ తూములు, తూము నుంచి పంట బోదె, బోదె నుంచి మడి. దివిసీమకైతే ఇంకో మెలిక ఉంది. పులిగడ్డ దగ్గర నదిపాయ అడ్డొస్తుంది. అందుకని అక్కడ అక్విడక్టు కట్టి, నది మీదుగా కాలువని దాటించారు.

ఇన్ని అంచెలు ఎందుకు? హెర్బర్ట్ సైమన్ అనే ఆయన 1962లో రాసిన వ్యాసంలో దీనికి ఒక కథ చెప్పాడు. ఇద్దరు గడియారాల పనివాళ్ళు. ఒక్కో గడియారంలో 1000 ముక్కలు. ఒకడు అన్నీ ఒకేసారి కూర్చుతాడు. మధ్యలో ఫోన్ మోగి లేస్తే చేసిందంతా చెదిరిపోతుంది. రెండోవాడు పదేసి ముక్కలు ఒక సెట్టుగా బిగించి, ఆ సెట్లని కలుపుకుంటూ పోతాడు. ఫోన్ మోగినా పోయేది చేతిలో ఉన్న ఆ ఒక్క సెట్టే. బాగుపడింది ఎవరో చెప్పక్కర్లేదు. ప్రకృతి కూడా ఇదే పద్ధతి వాడుతుంది. కణాలు కలిసి కణజాలం, కణజాలాలు కలిసి అవయవం, అవయవాలు కలిసి శరీరం. డెల్టాలో కూడా ఒక బోదెకి గండి పడితే ఆ తూము మూసి బాగు చేసుకుంటారు. బందరు కాలువ మొత్తం ఆపక్కర్లేదు.

కానీ జీవుల్లోనే ఇంకో రకం అంచెలు ఉన్నాయి. 1920ల మొదట్లో నార్వేకి చెందిన షెల్డెరప్ ఎబ్బే అనే శాస్త్రవేత్త కోళ్ళ మీద ఒక పరిశోధన రాశాడు. ఏ కోడి ఏ కోడిని పొడుస్తుందో దానికి ఒక వరస ఉంటుందని తేల్చాడు. పై కోడి ముందు మేస్తుంది, కింది కోడి మిగిలింది తింటుంది. మన పల్లెల్లో కోళ్ళ గూడు ముందు గింజలు చల్లిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే.

అంటే మనం 'హైరార్కీ' అనే ఒకే మాటని రెండు వేరే వేరే వాటికి వాడుతున్నాం. ఒకటి పని పంచే అంచె. రెండోది ఎవరు ముందు తినాలో తేల్చే వరస. అసలు చిక్కు ఏంటంటే, మొదటిది కడితే రెండోది చెప్పకుండా వచ్చి కూర్చుంటుంది. కాలువని పని పంచడానికే కట్టారు. కానీ నీళ్ళు తక్కువైన ఏడాది తల దగ్గరున్న ఊరికి ముందు అందుతాయి. పైవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళ పొలం అక్కడుంది, అంతే. ఆ శివారు పొలం గట్టు మీద కూడా ఇంకో అంచె ఉంటుంది. కౌలు రైతు, ఆయన కింద కూలీ. నీళ్ళు ఆలస్యమైతే వాళ్ళ పని రోజులు ముందు పోతాయి.

ఇదే ఆకారం మనుషుల ఆఫీసుల్లో చూడాలంటే మచిలీపట్నం వెళ్దాం. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ అక్కడ 1611లో ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే మిషన్లు కాదు, గోదాము కలిసిన ఆఫీసు. ఆ కంపెనీ ఉద్యోగాల్లో ఒక నిచ్చెన ఉండేది. రైటర్, ఫ్యాక్టర్, జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్. మన ఐటీ కంపెనీల్లో ట్రైనీ, అసోసియేట్, సీనియర్ అసోసియేట్ ఉన్నట్టే. నిచ్చెన కింద దుబాషీ, ఆయన కింద స్థానిక వ్యాపారి, చిట్టచివర మగ్గం ముందు నేతగాడు. అడ్వాన్సు డబ్బు పై నుంచి చేతులు మారుతూ కిందికి వచ్చేది. బట్ట పైకి పోయేది. అది లండన్‌లో ఎంతకి అమ్ముడైందో నేతగాడికి తెలిసే దారి లేదు.

ఇప్పుడు కాస్త బరువైన విషయం. అంచెల్లో ప్రయాణించేది నీళ్ళో డబ్బో కాకుండా ఒక మాట అయితే? 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున ఊళ్ళ మీద పడింది. ప్రభుత్వ లెక్కలోనే పోయినవాళ్ళు సుమారు 10 వేల మంది. తుఫాను వస్తోందని వాతావరణ శాఖ హెచ్చరించింది. కానీ సముద్రం ఒడ్డున గుడిసెలో ఉన్న మనిషి దాకా "ఇప్పుడే లేచి వెళ్ళిపో" అనే మాటగా అది చేరలేదు. చేరిన చోట కూడా వెళ్ళి తలదాచుకోవడానికి గట్టి భవనం లేదు. నీళ్ళు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం. మాట ఆలస్యమైతే ఊరే లేదు.

అదే తీరం మీదికి 1990 మేలో మళ్ళీ పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. అయినా వెయ్యి మందికి కాస్త తక్కువగా పోయారు, అది చిన్న సంఖ్య కాదు. కానీ 1977తో పోల్చి చూడండి. మాట చివరిదాకా చేరితే, చేరాక నిలబడే చోటు ఉంటే ఎంత తేడా వస్తుందో.

మరి అంచెల్ని ఎలా బాగు చేసుకోవాలి? మన దగ్గర రెండు దారులు ప్రయత్నించారు. మొదటిది అంచెని తీసేయడం. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టి, 1983లో గుడివాడ నుంచి గెలిచిన ఎన్టీఆర్, ముఖ్యమంత్రిగా 1984 జనవరిలో కరణాలు, మునసబుల పోస్టుల్ని రద్దు చేశారు. ఊరి భూమి రికార్డు అంతా కరణం ఇంట్లో, తండ్రి తర్వాత కొడుకు. మొత్తం డేటాబేస్ పాస్‌వర్డ్ ఒకే కుటుంబం దగ్గర ఉన్నట్టు. పోస్టు పోయింది, మంచిదే. కానీ రికార్డు రాసే పని పోదు కదా. ఆ కుర్చీలోకి తర్వాత వేరే పేరుతో వేరే ఉద్యోగి వచ్చాడు.

రెండో దారి, కింది నుంచి పైకి మాట వెళ్ళేలా చేయడం. 1997లో వచ్చిన చట్టంతో రైతులే నీటి వినియోగదారుల సంఘాలు ఎన్నుకున్నారు. ఒక్కో సంఘం పరిధిని 4 నుంచి 10 భాగాలు చేసి, భాగానికి ఒక సభ్యుడు. అంటే కాలువ తల దగ్గరి వాళ్ళతో పాటు శివారు నుంచి కూడా ఒక మనిషి కూర్చోవాలి. ఆలోచన బాగుంది. మధ్యలో ఏళ్ళ తరబడి ఎన్నికలు ఆగిపోయాయి, మళ్ళీ 2024 డిసెంబరులో జరిగాయి. పైకి వెళ్ళే దారి ఒకసారి వేస్తే చాలదు, పూడిక తీస్తూ ఉండాలి.

పూడిక అన్నాను కాబట్టి ఒక్క మాట. డెల్టాలో కాలువలతో పాటు మురుగు డ్రెయిన్లు కూడా ఉంటాయి. అవి తిరగేసిన చెట్టు. మడి నుంచి చిన్న డ్రెయిన్, అక్కడి నుంచి పెద్ద డ్రెయిన్, అక్కడి నుంచి సముద్రం. నీళ్ళు తెచ్చే చెట్టు ఎంత బాగున్నా, తీసుకెళ్ళే చెట్టు పూడిపోతే చేను కుళ్ళిపోతుంది. మన ఒంట్లోనూ అంతే. గుండె నుంచి రక్తం ధమనుల్లో వెళ్తుంది, సిరల్లో తిరిగొస్తుంది. తిరిగిరాకపోతే కాలు వాచిపోతుంది.

నా ఉద్యోగంలో నేను చూసింది కూడా ఈ వాపే. ఒక రిలీజ్ రోజు, టెస్టింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక తప్పు కనిపెట్టింది. లీడ్‌కి చెప్పింది. లీడ్ దాన్ని కాస్త మెత్తగా చేసి మేనేజర్‌కి చెప్పాడు. మేనేజర్ ఇంకాస్త మెత్తగా చేశాడు. పైకి చేరేసరికి అది 'చిన్న అబ్జర్వేషన్'. రాత్రి రెండింటికి సిస్టమ్ పడిపోయింది. పక్క సీట్లో ఉండి అంతా విన్నవాణ్ణి, నేనూ నోరెత్తలేదు. తల దగ్గరి పొలంవాడిలా నా పని అయిపోయింది కదా అనుకున్నా. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అంచెలు లేకుండా ఆకు లేదు, ఒళ్ళు లేదు, డెల్టా లేదు. అందుకే "అందరూ సమానమే, బాస్‌లే ఉండకూడదు" అని నేను అనను. నేను అడిగేది రెండే. నీళ్ళు చివరి మడి దాకా వెళ్తున్నాయా? చివరి మడిలో మనిషి మాట బ్యారేజీ దాకా వస్తోందా?

మా ప్రాంతంలో ఆగస్టులో ఇద్దరు రైతులు ఎదురుపడితే "మీకు నీళ్ళు వచ్చాయా?" అని అడుగుతారు. రేపు మీరు టీమ్ లీడ్ అయినా, కలెక్టర్ అయినా, ఇంటికి పెద్ద అయినా, మీ శివారులో ఎవరున్నారో వాళ్ళని ఈ మాట అడగండి. అడిగాక జవాబు చెప్పేదాకా ఆగండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.